చమురు రంగులు పూసుకున్న 917

1973 సెప్టెంబరు 16న కెనడాలోని ఎడ్మంటన్ నగరం వాయవ్య కొసన ఉన్న స్పీడ్‌వేలో నీలం, పసుపు రంగుల కారు ఒకటి రేసు గెలిచింది. కారు పోర్షే 917/30. నడిపినవాడు మార్క్ డోనహ్యూ. ఆ కారు గెలవడంలో వింతేమీ లేదు. అమెరికా, కెనడాల్లో జరిగే క్యాన్-యామ్ పోటీల్లో ఆ ఏడాది అది వరసగా ఆరు రేసులు గెలిచింది, ఎడ్మంటన్‌ది అందులో నాలుగోది. వింతంతా ఆ తర్వాత జరిగినదాంట్లో ఉంది. నెల తిరిగీ తిరగకముందే, అక్టోబరు మూడో వారంలో, అరబ్ దేశాలు చమురు సరఫరాకు గండి కొట్టాయి. పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరాయి. మరుసటి ఏడాదికల్లా అంత పెట్రోలు తాగే కారుకు పోటీల్లో చోటు లేకుండా పోయింది.

ఎడ్మంటన్ చమురు ఊరు. 1947 ఫిబ్రవరి 13న నగరానికి దక్షిణాన లెడ్యూక్ దగ్గర బావి పొంగిన రోజు నుంచి ఈ ఊరి జాతకమే మారిపోయింది. అలాంటి ఊళ్ళో, చమురు కరువుకు నెల ముందు, చమురు కంపెనీ రంగులు వేసుకుని, లోకంలోకెల్లా పెద్ద దాహమున్న రేసు కారు గెలిచిందంటే ఎవరో కూర్చి రాసిన కథలా ఉంటుంది. పైగా ఈ కారు పుట్టింది ఇలాంటి రెండు గంటల రేసుల కోసం కాదు. ఇరవై నాలుగు గంటలు ఆగకుండా పరుగెత్తడానికి పుట్టింది. జర్మనీలో మొదలై, ఫ్రాన్సులో పేరు తెచ్చుకుని, అల్బర్టా మైదానాల దాకా అది వచ్చిన తోవలో మూడు పాఠాలున్నాయి: వేడి గురించి ఒకటి, గాలి గురించి ఒకటి, ఇంధనం గురించి ఒకటి.

అసలు ఈ కారు ఒక నిబంధనలోని సందులోంచి పుట్టింది. దూరపు పందేల్లో వేగం మరీ ముదిరిపోతోందని అంతర్జాతీయ మోటారు రేసుల సమాఖ్య 1968లో ప్రోటోటైపు కార్ల ఇంజన్లకు 3 లీటర్ల హద్దు పెట్టింది. అయితే 5 లీటర్ల ఇంజనున్న స్పోర్ట్స్ కార్లకు ఒక వెసులుబాటు ఇచ్చింది. కనీసం 50 కార్లు తయారుచేసి ఉండాలన్నది షరతు. తర్వాత ఆ 50ని 25కి తగ్గించారు. పాత కార్లున్న చిన్నాచితకా జట్లు బతకాలని వదిలిన సందు అది. కొత్త రేసు కార్లను పాతిక చొప్పున తయారుచేసే మొండివాడు ఎవడుంటాడులే అనుకున్నారు. పోర్షేలో అప్పుడు పరిశోధన విభాగం ఫెర్డినాండ్ పియెష్ చేతిలో ఉంది. ముప్పై ఒకటి, ముప్పై రెండేళ్ళ వయసు. కంపెనీ స్థాపకుడికి మనవడు. కంపెనీ ఖజానా ఖాళీ అయినా సరేనని ఆ మొండిపని నెత్తికెత్తుకున్నాడు.

సమాఖ్య నుంచి తనిఖీకి వచ్చినవాళ్ళు మొదట విడి భాగాలు చూసి ఒప్పుకోలేదు, పాతిక కార్లూ బిగించి చూపించమన్నారు. మెకానిక్కులు చాలక, ఆఫీసు గుమాస్తాలను కూడా పిలిచి బిగింపించారని చెబుతారు. 1969 ఏప్రిల్ 21న షెడ్డు ముందు పాతిక 917లు ఒకే వరసలో నిలబడ్డాయి. ఏది కావాలంటే అది నడిపి చూసుకోండని పియెష్ అన్నాడు. వచ్చినవాళ్ళు నడపలేదు. నడపకపోవడమే మంచిదయింది. ఆ వరసలోని కార్లలో చాలావాటిని వరసలో నిలబెట్టడానికే బిగించారు, రేసుకు పోవాలంటే మళ్ళీ విప్పి సరిగ్గా బిగించుకోవలసిందే.

ఇక ఇంజను సంగతి. హన్స్ మెట్స్‌గర్ రూపొందించిన ఈ ఇంజనులో సిలిండర్లు పన్నెండు, అటు ఆరు, ఇటు ఆరు, నేలకు సమాంతరంగా పడుకుని ఉంటాయి. పన్నెండు సిలిండర్లంటే వాటిని కలిపే క్రాంక్‌షాఫ్టు పొడుగవుతుంది. పొడుగాటి ఇనుప కడ్డీకి ఒక జబ్బుంది. ఒక్కో సిలిండరులో పేలుడు జరిగినప్పుడల్లా దాని మీద ఒక తోపు పడుతుంది. ఆ తోపులకు కడ్డీ ఒక కొస ఇటు, ఇంకో కొస అటు కంటికి కనిపించనంత సన్నగా మెలి తిరుగుతూ ఉంటుంది. మామూలుగా అన్ని ఇంజన్లలోనూ శక్తిని కడ్డీ చివర నుంచే తీసుకుంటారు. మెలి ఎక్కువగా ఉండేదీ అక్కడే. నిమిషానికి ఎనిమిది వేల చుట్లు తిరిగే ఇంజనులో ఆ మెలి అదుపు తప్పితే ఉక్కు కూడా విరుగుతుంది. మెట్స్‌గర్ చివరలను వదిలేసి, మధ్యలో పళ్ళచక్రం పెట్టి అక్కడి నుంచి శక్తిని బయటికి తీశాడు. రెండు కొసలూ ఎదురుబొదురుగా మెలి తిరుగుతుంటే నడుమ భాగం దాదాపు నిలకడగా ఉంటుంది. ఒక్క పొడుగు కడ్డీ పనిని రెండు పొట్టి కడ్డీలకు పంచినట్టయింది. పైకి చూస్తే పన్నెండు సిలిండర్ల ఇంజను, లోపల లెక్క ప్రకారం నడుముల దగ్గర కలిపిన రెండు ఆరు సిలిండర్ల ఇంజన్లు.

దీన్ని చల్లబరచడానికి నీళ్ళు లేవు. పోర్షే వాళ్ళకు మొదటి నుంచీ గాలి మీదే నమ్మకం. రేడియేటరు ఉండదు, నీటి పంపు ఉండదు, పగిలే గొట్టం ఉండదు. ఒక పగలూ ఒక రాత్రీ ఆగకుండా పరుగెత్తాల్సిన బండికి, లేని భాగం చెడిపోదు కదా. బదులుగా ఇంజను నెత్తిన అడ్డంగా ఒక పెద్ద పంకా తిరుగుతుంది. సెకనుకు రెండు వేల లీటర్లకు పైగా గాలిని సిలిండర్ల రెక్కల మధ్యకు తోస్తుంది. ఊరికే తోయదు, ఇంజను శక్తిలో 17 హార్స్‌పవర్ దాకా అది తినేస్తుంది. మన రోడ్ల మీద తిరిగే మోటారుసైకిళ్ళలో చాలావాటి మొత్తం శక్తి అంతకంటే తక్కువే.

బరువు తగ్గించడంలో వీళ్ళ పిసినారితనం చూస్తే నవ్వొస్తుంది. చట్రం అల్యూమినియం గొట్టాలతో అతికించిన పంజరం, బరువు యాభై కిలోలకు లోపే. గేరు రాడ్డు మీది గుండు బాల్సా చెక్కది. ఆ పంజరంలో ఎక్కడ అతుకు చిట్లినా డ్రైవరుకు చావే. అందుకని గొట్టాల్లో గాలి నింపి ఒత్తిడి మీటరు పెట్టారు. ముల్లు పడిపోతే ఎక్కడో పగిలినట్టు. అంత తేలికపాటి బండిలో డ్రైవరు పాదాలు ముందు చక్రాల ఇరుసు కంటే ముందుకు ఉండేవి. గుద్దుకుంటే మొదట తగిలేవి అవే.

ఇంత చేశాక కారు రోడ్డెక్కితే, నడపడానికి ఎవరూ ముందుకు రాలేదు. మూడు వందల కిలోమీటర్ల వేగం దాటగానే వెనక భాగం గాల్లో తేలిపోయేది. నేరుగా ఉన్న రోడ్డు మీద కూడా బండి అటూ ఇటూ ఊగేది. 1969లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల రేసులో జాన్ వుల్ఫ్ అనే ఆంగ్లేయుడు సొంతంగా కొనుక్కున్న 917లో దిగి, మొదటి చుట్టులోనే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. కంపెనీ కారొకటి తెల్లవారి చాలాసేపటి దాకా అందరికంటే ముందుండి, చివరి గంటల్లో చెడిపోయింది. వేగముంది, ఓపికుంది, నమ్మకం మాత్రం లేదు.

అప్పుడు రంగంలోకి వచ్చింది జాన్ వైర్ జట్టు. లండన్ దగ్గర స్లౌ పట్టణంలో జేడబ్ల్యూ ఆటోమోటివ్ అనే చిన్న సంస్థ. అమెరికా చమురు కంపెనీ గల్ఫ్ డబ్బుతో, లేత నీలం మీద నారింజ గీత వేసుకుని, ఫోర్డ్ జీటీ40తో 1968లోనూ 1969లోనూ లె మాన్ గెలిచిన జట్టు అది. 1970 నుంచి 917లను నడపడానికి పోర్షే వీళ్ళతో ఒప్పందం చేసుకుంది. 1969 అక్టోబరులో ఆస్ట్రియాలోని సెల్ట్‌వెగ్ ట్రాకులో ఇరుపక్షాలూ కలిసి కారును పరీక్షకు పెట్టాయి. పోర్షే ఇంజనీర్లు స్ప్రింగులు మార్చారు, టైర్లు మార్చారు. జబ్బు కుదరలేదు. అదే చోట క్యాన్-యామ్ కోసం చేసిన పైకప్పు లేని 917 కూడా ఉంది. అది మాత్రం బుద్ధిగా నడుస్తోంది. చట్రం అదే, ఇంజను అదే. తేడా ఒంటి మీది తొడుగులోనే ఉండాలి.

వైర్ జట్టు ఇంజనీరు జాన్ హార్స్‌మన్ కారు చుట్టూ తిరిగి చూశాడు. ఆ సాయంత్రాల్లో ట్రాకు మీద చిన్న చిన్న పురుగులు ముసురుకునేవి. కారు ముక్కు మీద, అద్దం మీద, ముందు భాగమంతా పురుగులు చచ్చి అంటుకుని ఉన్నాయి. తోక భాగం శుభ్రంగా ఉంది, అక్కడ ఒక్క పురుగు మరక కూడా లేదు. అంటే తోకను గాలి తాకడమే లేదు. కప్పు మీద నుంచి వచ్చిన గాలి, తోక పల్లంగా ఉండడంతో దాన్ని అంటకుండా పైనుంచే వెళ్ళిపోతోంది. కారును నేలకు అదమాల్సిన వెనక రెక్కలు గాలే తగలని చోట దిష్టిబొమ్మల్లా నిలబడి ఉన్నాయి.

మెకానిక్కులు అక్కడికక్కడే అల్యూమినియం రేకులు తెచ్చి, రివెట్లు కొట్టి, టేపు చుట్టి, తోకను పొట్టిచేసి పైకి లేపారు. గాలి ఇప్పుడు తోకను ఒరుసుకుంటూ పోక తప్పదు. డ్రైవర్లు నాలుగు చుట్లు కొట్టి వస్తామని వెళ్ళి ఆగకుండా తిరుగుతూనే ఉన్నారు, చుట్టుకు సెకన్లకు సెకన్లు తగ్గిపోయాయి. గాలి కలిగించే బలం వేగానికి వర్గంలో పెరుగుతుంది. వంద కిలోమీటర్ల వేగంలో ఉన్న బలం మూడు వందల దగ్గర తొమ్మిది రెట్లవుతుంది. అందుకే ఊళ్ళో తిప్పినప్పుడు పట్టుబడని తప్పు పొడుగాటి రోడ్డు మీద ప్రాణం తీస్తుంది. 917 గురించి రాసేవాళ్ళందరూ దాని హార్స్‌పవర్ గురించి చెబుతారు. నా మటుకు, గాలి సొరంగంలో పరీక్షలు చేసే కంపెనీకి కూడా అంతుచిక్కని జవాబును చచ్చిన పురుగుల్లో చదివిన ఆ సాయంత్రమే ఈ కారు చరిత్రలో గొప్ప ఘట్టం.

పొట్టి తోకతో 917కె అయ్యాక ఇక అడ్డులేదు. 1970, 1971ల్లో డేటోనా, మోంజా, స్పా ఇలా పెద్ద పందేల్లో చాలావరకు దాని ఖాతాలోకి వెళ్ళాయి. గల్ఫ్ జట్టులో పెడ్రో రోడ్రిగెజ్, జో సిఫర్ట్ ఇద్దరూ ఒకరికొకరు తీసిపోనివారు. స్టీవ్ మెక్వీన్ నటించిన 'లె మాన్' సినిమా చూసినవాళ్ళకు 917 అంటే ఆ నీలం-నారింజ కారే. కానీ ఆ రంగులు 917 మీద ఒక్కసారి కూడా లె మాన్ గెలవలేదు. వైర్‌కు పోటీగా పోర్షే లోపలే ఇంకో జట్టును నిలబెట్టింది. పియెష్ తల్లి లూయీస్ కుటుంబం ఆస్ట్రియాలో నడిపే పోర్షే సాల్జ్‌బర్గ్ అది. 1970లో వానలో తడిసిన లె మాన్‌లో గెలిచింది ఆ జట్టు ఎరుపు-తెలుపు కారే, నడిపింది హన్స్ హెర్మన్, రిచర్డ్ అట్‌వుడ్. పెద్ద ఇంజను వద్దని, పాత 4.5 లీటర్లదే చాలని అట్‌వుడ్ కోరుకున్నాడు. వేగమైనవన్నీ ఒక్కొక్కటీ రాలిపోయాక నిలిచింది అదే. గెలిస్తే మానేస్తానని భార్యకు మాటిచ్చిన హెర్మన్ ఆ పూటతో రేసులు మానేశాడు. 1971లో మార్తీనీ జట్టు కారు గెలిచింది, హెల్ముట్ మార్కో, గీస్ వాన్ లెనెప్ దాన్ని 24 గంటల్లో 5,335 కిలోమీటర్లు నడిపారు. ఆ దూరాన్ని మళ్ళీ 2010 దాకా ఎవరూ దాటలేకపోయారు. ఆ మధ్య కాలంలో ట్రాకు మలుపులు మార్చారనుకోండి, అయినా ముప్పై తొమ్మిదేళ్ళు తక్కువేమీ కాదు.

1972 నుంచి సమాఖ్య ఆ సందును మూసేసింది. 5 లీటర్ల కార్లకు ప్రపంచ పోటీల్లో ప్రవేశం లేదు. పాతికకు పైగా కార్లు చేసిపెట్టుకున్న కంపెనీకి అవి పాత సామాను అయిపోయాయి. అవి పనికొచ్చే చోటు ఒక్కటే మిగిలింది. అమెరికా, కెనడాల్లో 1966 నుంచి జరుగుతున్న క్యాన్-యామ్ పోటీలు. అక్కడి నిబంధనలు చదవడానికి అట్టే సేపు పట్టదు. రెండు సీట్లుండాలి, చక్రాలు కప్పి ఉండాలి. ఇంజను ఎంతకు మించకూడదన్న ఊసే లేదు.

ఎడ్మంటన్ స్పీడ్‌వేకి క్యాన్-యామ్ 1968లోనే వచ్చింది. చుట్టు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. పక్కనే డ్రాగ్ స్ట్రిప్పు కూడా ఉండేది. 1968 నుంచి 1971 దాకా వరసగా నాలుగేళ్ళు ఇక్కడ గెలిచింది ఒక్కడే, మెక్‌లారెన్ జట్టుకు నడిపిన న్యూజీలాండ్ వాసి డెనీ హల్మ్. 1970లో గెలిచినప్పుడు అతని పరిస్థితి తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. మే నెలలో ఇండియానాపొలిస్‌లో చేతులు కాలాయి, జూన్ 2న జట్టు యజమాని, స్నేహితుడు బ్రూస్ మెక్‌లారెన్ కారు పరీక్షిస్తూ చనిపోయాడు, జులైలో ఎడ్మంటన్ రేసు. మెక్‌లారెన్ కారులో షెవ్రొలే వీ8 ఇంజను 1972 నాటికి ఎనిమిది లీటర్లు దాటింది. పోర్షేది ఐదు లీటర్లు. ఈ తేడాను పూడ్చాలి.

పోర్షే మొదట పదహారు సిలిండర్ల ఇంజను చేసి చూసింది. అది పొడుగూ బరువూ అయింది. పొడుగైన కొద్దీ చట్రం సాగాలి, బరువు వెనక్కి పోతుంది. దాన్ని పక్కన పెట్టి టర్బో వైపు తిరిగింది. ఇంజను శక్తి దాని గాత్రంలో లేదు, అది లోపలికి పీల్చుకునే గాలిలో ఉంది. ఎంత గాలి వెళితే అంత పెట్రోలు కాల్చవచ్చు. మామూలు ఇంజను వాతావరణం ఇచ్చినంతే తీసుకుంటుంది. టర్బోలో పొగగొట్టం నుంచి వృథాగా పోయే వేడి వాయువు ఒక చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసు మీది రెండో చక్రం బయటి గాలిని అదిమి ఇంజనులోకి తోస్తుంది. 917కు అటు ఒకటి, ఇటు ఒకటి చొప్పున రెండు టర్బోలు. ఒత్తిడి మితిమీరితే వాయువును బయటికి వదిలే కవాటం ఒకటి. ఐదు లీటర్ల ఇంజను పన్నెండు లీటర్ల ఇంజనంత గాలి మింగేది.

ఎడ్మంటన్ దగ్గర టర్బోకూ మామూలు ఇంజనుకూ మధ్య తేడా ఇంకొంచెం పెరుగుతుంది. ఈ నగరం సముద్రమట్టానికి సుమారు 670 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి తీరంలో కంటే నూటికి ఏడెనిమిది పాళ్ళు తక్కువ. టర్బో లేని ఎనిమిది లీటర్ల ఇంజను ఇక్కడికొస్తే, ఏ రిపేరూ లేకుండానే, ఏడున్నర లీటర్ల ఇంజనైపోతుంది. యాభై, అరవై హార్స్‌పవర్లు గాల్లో కలిసిపోయినట్టే. టర్బోకు ఆ నష్టం అంతగా తగలదు, బయట తగ్గినదాన్ని లోపల అదుముకోవచ్చు. 917/30లో ఒత్తిడి పెంచుకునే మర డ్రైవరు చేతికందేలా ఉండేది కూడా. చలి మాత్రం అందరికీ సమానంగా సాయపడుతుంది. ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీలు తగ్గితే గాలి చిక్కదనం ఏడు పాళ్ళు పెరుగుతుంది. ఎత్తు వల్ల పోయినదాన్ని ఎడ్మంటన్ శరదృతువు తిరిగి ఇచ్చేస్తుందన్నమాట. ఇక్కడి చలిని తిట్టుకునే మనవాళ్ళు ఈ ఒక్క లెక్కలోనైనా దానికి మార్కులు వేయాలి.

టర్బోకు ఉన్న పెద్ద రోగం ఆలస్యం. కాలు నొక్కగానే శక్తి రాదు. వాయువు పెరగాలి, చక్రం వేగం పుంజుకోవాలి, అప్పుడు గాలి రావాలి. నొక్కి ఏమీ రాలేదే అనుకునేలోపు ఒక్కసారిగా వెయ్యి గుర్రాలు వచ్చి మీద పడతాయి. అప్పటికి కారు మలుపు మధ్యలో ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు చూసినవాళ్ళకు ఈ బాధ అర్థం కాకపోవచ్చు, విద్యుత్ మోటారులో నొక్కడానికీ రావడానికీ మధ్య సందు లేదు.

ఈ రోగానికి మందు కనిపెట్టినవాడు డోనహ్యూ. అమెరికన్, బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవాడు, రోజర్ పెన్‌స్కీ జట్టుకు నడిపేవాడు. పోర్షే క్యాన్-యామ్ బాధ్యతను పెన్‌స్కీకి అప్పగించాక, డోనహ్యూ జర్మనీ వెళ్ళి వైసాఖ్ ట్రాకులో వారాల తరబడి కూర్చున్నాడు. హెల్ముట్ ఫ్లెగల్ చట్రం సంగతి, వాలెంటిన్ షేఫర్ టర్బో సంగతి చూసేవారు. పరీక్ష బల్ల మీద ఇంజను అద్భుతంగా అంకెలు చూపిస్తోంది. కారులో పెడితే మొరాయిస్తోంది. బల్ల మీద వాళ్ళు చూస్తున్నది పూర్తిగా నొక్కినప్పటి పై వేగాల అంకెలనే. కాలు సగం నొక్కినప్పుడు, చుట్లు తక్కువగా ఉన్నప్పుడు ఏమవుతోందో కొలవండి అని డోనహ్యూ పట్టుబట్టాడు. రేసులో మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు ఇంజను ఉండేది అక్కడే మరి. కొలిచి చూస్తే అక్కడ పెట్రోలు కొలత తప్పుగా ఉంది. ఆ రోజుల్లో రేసు కార్లలో కంప్యూటర్లు లేవు. ఏ వేగంలో, ఎంత నొక్కితే, ఎంత పెట్రోలు పోయాలన్నది ఇంజెక్షను పంపు లోపల ఎత్తుపల్లాలుగా చెక్కిన ఒక లోహపు దిమ్మ నిర్ణయించేది. ఆ దిమ్మ ఆకారాన్ని మళ్ళీ చెక్కుకుంటూ వచ్చారు. ఇవాళ మన డీజిలు కార్లలో చిప్పు చేసే పని, అప్పుడు ఆకురాయితో చేశారు.

1972 జులై మొదటి వారంలో రోడ్ అట్లాంటాలో పరీక్ష చేస్తుండగా వెనక తొడుగు ఊడిపోయి డోనహ్యూ కారు పల్టీలు కొట్టింది. మోకాలు దెబ్బతింది. అతని సీట్లో జార్జ్ ఫాల్మర్ కూర్చుని, డోనహ్యూ చెక్కిపెట్టిన కారుతో ఐదు రేసులు గెలిచి ఆ ఏడాది ఛాంపియన్ అయ్యాడు. ఎవరో వండిన వంట ఎవరో తిన్నట్టనిపించినా, అంత ఆకస్మికంగా ఎక్కి ఆ బండిని లొంగదీసుకోవడం ఫాల్మర్‌కే చెల్లింది. సెప్టెంబరులో డోనహ్యూ కుంటుతూ తిరిగొచ్చాడు. అక్టోబరు 1న ఎడ్మంటన్‌లో గెలిచాడు. ఆ ఏడాది మొత్తమ్మీద క్యాన్-యామ్‌లో అతను గెలిచింది ఇదొక్కటే. హల్మ్ నాలుగేళ్ళ ఏలుబడి ఇక్కడితో ముగిసింది, ఆ సీజను అయ్యాక మెక్‌లారెన్ జట్టు క్యాన్-యామ్ నుంచే తప్పుకుంది.

మరుసటి ఏడు 917/30 వచ్చింది. ఇంజను 5.4 లీటర్లు, రేసులో 1,100 హార్స్‌పవర్, పరీక్ష బల్ల మీద 1,500 దాకా. దాహం ఎంతో లెక్క వేద్దాం. 1,100 హార్స్‌పవర్ అంటే 820 కిలోవాట్లు. పెట్రోలులోని శక్తిలో నూటికి పాతిక పాళ్ళే చక్రాలకు చేరుతుందనుకుంటే, సెకనుకు 3,280 కిలోజౌళ్ళ ఇంధనం కాలాలి. లీటరు పెట్రోలులో ఉండేది సుమారు 32,000 కిలోజౌళ్ళు. అంటే సెకనుకు పదోవంతు లీటరు, నిమిషానికి ఆరు లీటర్లు. కాలు ఎత్తకుండా నొక్కితే మోటారుసైకిలు ట్యాంకు రెండు నిమిషాల్లో ఖాళీ. కారులో 400 లీటర్ల ట్యాంకు ఉండేదంటే ఊరికే కాదు. పైగా టర్బో ఇంజనుకు అవసరానికి మించి పెట్రోలు పోస్తారు, కాలడానికి కాదు, ఆవిరై పిస్టన్లను చల్లబరచడానికి. పంకా చాలని చోట పెట్రోలే నీళ్ళ పని చేసేది.

క్యాన్-యామ్ నిర్వాహకులు 1974కి పెట్టిన షరతు దీన్ని సరిగ్గా ఆ నరం మీదే కొట్టింది. గ్యాలనుకు కనీసం మూడు మైళ్ళు రావాలన్నారు, అంటే లీటరుకు ఒకటింబావు కిలోమీటరు. వినడానికి ఎంతో ఉదారంగా ఉంది కదా. 200 మైళ్ళ రేసుకు అది 250 లీటర్లు. 917/30 మోసుకెళ్ళే 400 లీటర్ల ముందు అది చాలదు. పోర్షే, పెన్‌స్కీ తప్పుకున్నారు. ఆ ఏడాది మిడ్-ఒహాయోలో ఒక్కసారి బ్రయన్ రెడ్‌మన్ దాన్ని బయటికి తెచ్చి రెండో స్థానంలో వచ్చాడు. ఆ తర్వాత క్యాన్-యామే సీజను మధ్యలో చాప చుట్టేసింది. కారు పందేన్ని చంపిందని కొందరంటారు. నాకు అది సగం నిజంలా తోస్తుంది. హద్దులు లేని పోటీని నడపడానికి హద్దులు లేని చవక చమురు కావాలి, అది ముందు పోయింది.

డోనహ్యూ ఆ కారుతో చివరిగా ఒక పని చేశాడు. 1975 ఆగస్టు 9న అమెరికాలోని టల్లడేగాలో దాన్ని సగటున గంటకు 355 కిలోమీటర్లకు పైగా తిప్పి ప్రపంచ రికార్డు పెట్టాడు. పది రోజులకు, ఆగస్టు 19న, ఆస్ట్రియాలో చనిపోయాడు. ఫార్ములా వన్ సాధనలో టైరు పేలి కారు కంచెలోకి దూసుకుపోయింది. ఆ ట్రాకు సెల్ట్‌వెగ్‌లోదే, హార్స్‌మన్ పురుగులు చూసిన చోటే.

ఎడ్మంటన్ స్పీడ్‌వే 1982లో మూతపడింది, ఇప్పుడక్కడ ఇళ్ళు. తర్వాత 2005 నుంచి 2012 దాకా నగరం నడిబొడ్డునున్న పాత విమానాశ్రయం రన్‌వేల మీద ఇండీ తరహా రేసులు జరిగాయి, ఆ విమానాశ్రయం కూడా 2013లో మూసేశారు. రేసు చరిత్ర వెతుక్కుంటే నగరంలో నేల మీద కనిపించేది దాదాపు ఏమీ లేదు. చమురు చరిత్రలో వెతికితే మాత్రం ఉంది.

917/30 మీది నీలం-పసుపు సన్ ఆయిల్ కంపెనీవి, సునోకో పేరుతో పెట్రోలు అమ్మే సంస్థ అది. అల్బర్టా ఇసుక నుంచి పెద్ద ఎత్తున చమురు పిండిన మొదటి కర్మాగారం, ఫోర్ట్ మెక్‌మరీ దగ్గరి గ్రేట్ కెనడియన్ ఆయిల్ శాండ్స్, ఆ సంస్థదే. 1967 సెప్టెంబరు 30న అది మొదలైంది, అందులో తీసిన చమురు పైపులైనులో ఎడ్మంటన్‌కే వచ్చేది. అంటే డోనహ్యూ ఇక్కడ గెలిచిన రోజున కారు మీద ఉన్న రంగులు ఊరికి పరాయివి కావు. 1979లో ఆ వ్యాపారమంతా సన్‌కోర్ అయింది. ఇక వైర్ జట్టు రంగులిచ్చిన గల్ఫ్. దాని కెనడా శాఖకు ఎడ్మంటన్ తూర్పున స్ట్రాత్‌కోనా కౌంటీలో రిఫైనరీ ఉండేది. 1985లో దాన్ని పెట్రో-కెనడా కొన్నది. 2009లో పెట్రో-కెనడాను సన్‌కోర్ కలిపేసుకుంది. లె మాన్‌లో నీలం-నారింజ వేసిన కంపెనీ కట్టె, ఎడ్మంటన్‌లో నీలం-పసుపు వేసిన కంపెనీ వారసుడి పొయ్యిలో ఇవాళ్టికీ మండుతోంది. ఆ రిఫైనరీలో మన తెలుగు ఇంజనీర్లు ఎవరైనా ఉంటే, వాళ్ళ కంపెనీ పూర్వీకులిద్దరూ ఒకే కారుకు రంగులేసిన సంగతి మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పి చూడొచ్చు. ఎవరూ నమ్మకపోతే 1985, 2009 అని రెండు సంవత్సరాలు చెబితే చాలు.